దగ్గు తీసేసిన పాట

2023 ఎండాకాలం. కడపలో ఒక ఇరుకు గది, మోత రాకుండా గోడలకు కోడిగుడ్ల అట్టలు, ఒక కీబోర్డు, ఒక కంప్యూటరు. నా స్టూడియో అంతే. ఎనిమిదో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది. అప్పటినుంచి పెళ్లిళ్లకూ షాపుల ప్రారంభాలకూ పాటలు కట్టి బతుకుతున్నాను.

ఒక బండల షోరూం మేనేజరు ప్రారంభోత్సవానికి పాట కావాలని వచ్చాడు. మూడు బాణీలు వినిపిస్తే మూడింటికీ మూతి విరిచాడు. "మట్టి వాసన రాలేదు" అన్నాడు. ఆయన పూసుకున్న అత్తరు ముందు ఏ వాసనైనా ఎలా వస్తుంది?

మరుసటి రోజు పొద్దున రికార్డరు పట్టుకుని ఆ షోరూం యజమాని గనికే వెళ్లాను. కోత మిషన్ అప్పుడే ఆపారు. దుమ్ము ఇంకా గాలిలోనే ఉంది. ముగ్గురు వరుసగా ఉలి మీద సుత్తి వేస్తున్నారు. మూడు దెబ్బలు, ఆ వెంటనే వాళ్లలో పెద్దవాడైన ఓబులేసు దగ్గు. మళ్లీ మూడు దెబ్బలు, మళ్లీ దగ్గు. నెలరోజులు గదిలో కూర్చున్నా నాకు తట్టని నడక అది.

"ఏమప్పా, సుత్తి సప్పుడు కోసం ఇంత దూరం వచ్చినావా? మీ ఊర్లో రాళ్లు ల్యావా?" అన్నాడు ఓబులేసు.

"రాళ్లు ఉండాయి పెద్దాయనా, నీ మాదిరి కొట్టేటోళ్లే ల్యారు."

"నా దగ్గు గూడా ఎక్కిందా దాండ్లో?"

"ఎక్కింది. శానా బాగుండాది."

ఆయన సుత్తి కింద పెట్టాడు. "మా వోనరు ఈడికి దిగడు. మిషన్ మీద నీళ్లు కొట్టించప్పా, దుమ్ముకు సస్తాండాం అంటే, బీడీలు మానుకో అంటాడు. నేను బీడీ ముట్టినోన్ని గాదు. ఈ పాట ఆయప్ప ఇంటాడు గదా? దగ్గు అట్లే పెట్టు. ఎవురిదని అడిగితే నా పేరు చెప్పు."

"పెడతా" అని మాటిచ్చాను.

ఆ ముక్కను లూప్ చేశాను. అంటే ఒకే దరువు పాటంతా తిరిగి తిరిగి వచ్చేలా అతికించడం. మేనేజరు విని ఎగిరి గంతేశాడు, దగ్గు దగ్గర మాత్రం ఆగాడు. "ఈ రోగం తీసేయండి."

రోగం తీయడానికి నాకు ఒక్క మీట చాలు. నొక్కాను. ఖాళీ పడ్డ చోట చప్పట్లు పెట్టాను. "ఇప్పుడు సంబరంగా ఉంది" అన్నాడు వెధవ. తల ఊపిన నేను అంతకన్నా పెద్ద వెధవను.

ప్రారంభం రోజు గని నుంచి బండలు దించడానికి వచ్చిన ఓబులేసు స్పీకరు పక్కనే నిలబడి పాట చివరిదాకా విన్నాడు. యజమాని కాలు ఆడిస్తూ ఆనందిస్తున్నాడు.

"నా దగ్గు ఏమాయెనప్పా?"

"తీసేసినా."

"ఎంతమంది డాక్టర్లకు చూపిచ్చుకున్నా! ఒక్కరూ తియ్యలేకపోయిరి. నీ చేతి గుణం మంచిది."

పక్కవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. నా మీద నాకే అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడే యజమాని చెవికి హెడ్‌ఫోన్ పెట్టి అసలు రికార్డింగ్ వినిపించాను. "ఇది ఓబులేసు దగ్గు. మీ మిషన్ దుమ్ము" అన్నాను.

"పాట అయిపోయింది గదప్పా, మళ్లా ఇదెందుకు?" అని హెడ్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

ఆ మిషన్ ఇప్పటికీ పొడిగానే తిరుగుతోంది. స్టూడియో వదిలి బయట తిరగండి, పాట అక్కడే దొరుకుతుంది అని కొత్తగా వచ్చేవాళ్లకు నేనూ చెబుతుంటాను. దొరికినచోట మనిషి ఏం అడిగాడో అది కూడా పాటలో ఉండాలి. ఉంచే దమ్ము లేకపోతే గదిలోనే కూర్చుని కీబోర్డు కొట్టుకోండి. నేను ఆ గనికి మళ్లీ వెళ్లాను. ఓబులేసు నన్ను చూసి సుత్తి ఆపేశాడు. నేను వెనక్కి తిరిగేదాకా మళ్లీ ఎత్తలేదు.