ఇరవై అయిదు పుల్లల కట్ట

ఆర్మూరు పసుపు మార్కెట్ వెనకున్న సర్కారు బడిలో రెండో తరగతికి పాఠం చెప్పడమంటే మాటలు కాదు. నలభై ఇద్దరు పిల్లలు. పలక లాక్కున్నారని ఒకడు ఏడుస్తాడు, వాడి ఏడుపు చూసి ఇంకొకడు నవ్వుతాడు. కిటికీలోంచి పసుపు దుమ్ము వచ్చిందంటే తరగతి మొత్తం వంతులేసుకుని తుమ్ముతుంది. నెల రోజులుగా అక్కడ పాఠాలు చెబుతున్న ట్రైనింగు టీచరు తారకు గొంతు బొంగురుపోయింది.

1989 మార్చిలో ఆమె పరీక్ష పాఠం వచ్చింది. కాలేజీ నుంచి నారాయణ సార్ వచ్చి వెనక కూర్చుని మార్కులేస్తాడు. తప్పిందా, మళ్లీ ఏడాది ఆగాలి. ఆ ఏడాదంతా ఒడిలో బీడీల చాటే! "నా చాట నీకద్దు బిడ్డా" అని తల్లి భాగ్యవ్వ మొత్తుకుంటూనే ఉండేది. బీడీలు చుడుతూ చదువుకున్న సంగతి తార తోటివాళ్లెవరికీ చెప్పలేదు. సిగ్గనిపించేది, అంతే.

ఆనాటి పాఠం పదులు, ఒకట్లు. ముందురోజు సాయంత్రం తల్లితో ముచ్చట పెడుతూ చీపురు పుల్లలు కట్టలు కట్టి సంచిలో వేసుకుంది.

"ఒక్కో కట్టలో పది పుల్లలు ఉన్నాయి. రెండు కట్టలైతే ఎన్ని?" అని పుస్తకం భాషలో అడిగింది. సార్ వింటున్నాడు కదా మరి!

ముందు వరసలో కూర్చున్న ముత్తెమ్మ ఒక కట్ట తీసి లెక్కపెట్టింది. ఆ పిల్ల దేన్నీ ఊరికే నమ్మే రకం కాదు.

"టీచర్, పది లెవ్వు. గిండ్ల ఇర్వయైదున్నయ్!"

తార గబగబా మిగతావి లెక్కపెట్టింది. చూస్తే సంచిలో కట్టలన్నీ అంతే! ఇరవై అయిదు బీడీలకో కట్ట కట్టడం చిన్నప్పటి నుంచీ అలవాటైన వేళ్లు. ఆమె ముచ్చట్లలో ఉండగా వాటి పని అవి చేసేశాయి. వెనక సార్ పెన్ను కదిలింది.

అబద్ధమేదీ తోచలేదు. తోచినా ముత్తెమ్మ సాగనిచ్చేది కాదు.

"తప్పు నాదే" అంది తార. "మా ఇంట్ల బీడీలు చేస్తం. చెయ్యి గట్లనే పోయింది."

తరగతి గొల్లుమంది. "మా ఇంట్ల గూడ టీచర్!" "మా అవ్వ దినాం వెయ్యి చేస్తది!" "నేను గూడ కట్టలు కడ్త!"

"గట్లయితే గివన్నీ ఇప్పి, పది పది కట్టుండ్రి, జూస్త."

కట్టలు పంచిందో లేదో, నెలంతా అరిచినా రాని నిశ్శబ్దం వచ్చేసింది. తలలు వంచి, దారం రెండు చుట్లు తిప్పి, పళ్లతో తెంపి కట్టేస్తున్నారు. ఏడేళ్ల పిల్లలు! పాఠం గట్టెక్కుతున్నందుకు సంతోషించాలో, ఆ వేళ్లను చూసి ఏడవాలో తారకు తెలియలేదు. పది కట్టలు పేర్చి వంద అన్నారు. పాత కట్టలైతే నాలుగే చాలని ముత్తెమ్మ ఉచితంగా ఒక సలహా కూడా ఇచ్చింది.

బెల్లు కొట్టాక నారాయణ సార్ కాగితం చూపించాడు. బోధనోపకరణాల దగ్గర సున్నా. తరగతి క్రమశిక్షణ దగ్గర మాత్రం పూర్తి మార్కులు.

"గింత సప్పుడు లేని రెండో తరగతిని నేనెన్నడు జూడలె. పాసైనవు పో బిడ్డా."

ఆ క్రమశిక్షణ తాను నేర్పింది కాదన్న మాట తార నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

పుల్లలు సంచిలో వేసుకుంటుంటే ముత్తెమ్మ వచ్చి నిలబడింది.

"టీచర్, బీడీలు చేసేటోళ్లు గూడ టీచర్లైతరా?"

తార ఆ పిల్ల చెయ్యి తీసుకుని చూసింది. ఆకు కత్తిరించే కత్తెర ఒరుసుకుని బొటనవేలు కాయ కాసింది. తనకూ అక్కడే ఉంది.

"ఐతరు పొల్లా. గిప్పుడే నేనైన."