గొంగళి కింది చెయ్యి

మాది దుకాణాల వీధి. నేను మాటలు నేర్చిందే "ఇంకొంచెం తగ్గించు" అనే ముక్కతో అని మా ఇంట్లో ఎగతాళి చేసేవాళ్ళు. ఇప్పటికీ డాక్టరు రోజుకు మూడు మాత్రలు వేసుకోమంటే, రెంటితో సరిపెట్టుకోలేమా అని అడుగుతాను. ఇలాంటిదాన్ని కాబట్టి ఈ సంగతిలో నా వాటా గొప్ప కాస్త ఎక్కువగా తూచుకుంటానని మీకు అనుమానం రావచ్చు. అక్కర్లేదు. ముగ్గురిలో పనికిమాలినదాన్ని నేనే.

ముగ్గురంటే మా నాయనమ్మ, చర్చి వాడ నుంచి మిరపకాయల తొడిమలు తీయడానికి వచ్చే ఒకామె, నేను. మా ముగ్గురికీ కలిపి ఒకే గొంగళి. గొర్రెల కాపరులు నేసే మామూలు నల్ల గొంగళి. అది కప్పుకున్న మనిషికి పేరు, కులం, వయసు ఏవీ ఉండేవి కావు. నరసరావుపేట మిరపకాయల బజారంతటికీ ఆమె గొంగళమ్మ.

యుద్ధం రోజులవి. ఆ బజారులో ధర నోటితో చెప్పేవాళ్ళు కాదు. కొనేవాడూ అమ్మేవాడూ కండువా కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి బేరమాడుకునేవాళ్ళు. ఏ వేలు పట్టుకుంటే ఎంత, పిడికిలి మొత్తం పడితే ఎంత అని ఒక లెక్క. చుట్టూ నిలబడ్డవాళ్ళకు రెండు మోచేతులు తప్ప ఏమీ కనపడదు. మగవాళ్ళకు బాగానే ఉంది. నూజెండ్ల నుంచో శావల్యాపురం నుంచో బండి కట్టుకొచ్చిన ఆడమనిషి, మొగుడు చనిపోయినదో, మిలిటరీకి పోయి తిరిగిరాని మొగుడున్నదో, పరాయి మగాడి చెయ్యి ఎట్లా పట్టుకుంటుంది? పట్టుకోదు. సావుకారు నోటితో ఎంతంటే అంతకు సరుకు వదిలేసి ఖాళీ బండి ఎక్కేది. నోటి ధర వేళ్ళ ధరలో సగముంటే గొప్ప.

దీనికి మా నాయనమ్మ కనిపెట్టిన ఉపాయం గొంగళి. తల నుంచి పాదాల దాకా కప్పుకుని బస్తాల పక్కన కూర్చునేది. అమ్మే ఆమె వచ్చి, ఇంతకు తగ్గితే ఇవ్వనని చెవిలో చెప్పేది. సావుకారు గొంగళి అంచు కిందికి చెయ్యి దూర్చేవాడు. లోపల ఎవరని అతను అడగకూడదు, లోపలి మనిషి నోరు తెరవకూడదు. ఎవరో తెలియనంత కాలం ఎవరి పెళ్ళాం చెయ్యీ ఎవరూ పట్టుకున్నట్టు కాదు గనక బజారు మర్యాద బజారుకు దక్కింది. మాకు కూలి గుప్పెడు మిరపకాయలు.

నాయనమ్మకు వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోతున్నప్పుడు ఆ లెక్క నాకు నేర్పడం మొదలుపెట్టింది. అప్పటికి నాకు పెళ్ళయింది, కాపురానికి ఇంకా పోలేదు. అరుగు మీద నన్ను కూర్చోబెట్టి చెప్పిందే చెప్పేది. నాకు ఎక్కలేదు. అరుగు కింద తొడిమలు తీస్తున్న ఆమెకు ఎక్కింది. ఒకరోజు నేను తప్పు వేలు పడితే కిందనుంచే, "అది కాదు చిన్నమ్మా, పక్కది" అంది. నాయనమ్మ నా వంకా, ఆమె వంకా చూసింది. నాకు బదులు గొంగళి కింద కూర్చోడానికి ఆమె గుప్పెడులో సగానికే వస్తానంది. బేరం అక్కడికక్కడే తెగిపోయింది. మా నాయనమ్మను సంఘసంస్కర్త అనుకునేరు, ఆమెకు కావలసింది చవక. మరి అంటు సంగతేమిటని నేనడిగితే, "ఉన్నికి మైల అంటదని పూజారులే చెబుతారు" అని గొంగళి దులిపి ఆమె ముందు పడేసింది. గొంగళికి లేని మైల మా బావికి మాత్రం ఉండేది. ఆమెకు నీళ్ళు ఎత్తునుంచే పోసేవాళ్ళం.

ఆమె కూర్చున్న రోజు ధరలు పైకి పాకేవి. నేను కూర్చున్న రోజు తుమ్ములు. గాజులు మోచేతి పైకి నెట్టి గుడ్డపేలికతో కట్టుకుని, ఘాటుకు ముక్కు కారుతూ, చెమట చేత్తో వేళ్ళు జారిపోతూ, నేను కుదిర్చిన ధరకు అమ్మిన ఆడవాళ్ళు ఈ వారం గొంగళమ్మకు ఒంట్లో బాగాలేదేమో అని జాలిపడేవాళ్ళు.

బయటపడితే ఎవరికెంత నష్టమో ముగ్గురికీ తెలుసు. నాకు కాపురం పోతుంది. నాయనమ్మకు బజారులో అప్పు పుట్టదు. ఆమెకు ప్రాణం పోతుంది. ఏళ్ళ తరబడి సావుకార్ల అరచేతులు పట్టుకున్నది చర్చి వాడ చెయ్యి అని తెలిస్తే ఆ మనిషిని బతకనివ్వరు.

అలాంటి సమయంలో కాటా సావుకారు మా మీద కన్నేశాడు. ఇతను బజారుకు కాటా పట్టే కూలీగా వచ్చి సావుకారైనవాడు. ఎవరి దగ్గర ఏ విద్య ఉంటే వాళ్ళ పక్కన చేరి, వినయంగా చేతులు కట్టుకుని, అది పీల్చేదాకా లేచేవాడు కాదు. ఒక ముసలి సావుకారు మిరపకాయను చెవి దగ్గర ఆడించి లోపలి గింజల చప్పుడుతో ఎండు ఎంతో చెప్పేవాడు. కాటా అతను అది నేర్చుకున్నాడు. తరువాత ఆ ముసలాయన బేరగాళ్ళను లాక్కున్నాడు, ఆపైన కొట్టు రాయించుకున్నాడు. ఆ ముసలాయన అదే కొట్టు బల్ల మీద కూర్చుని కాటా సావుకారు పోయించే మజ్జిగ తాగుతూ పోయాడు.

మా విద్య నేర్చుకోవాల్సిన కష్టం కూడా అతనికి లేకపోయింది. ఒక గొంగళి కొన్నాడు. ఏ ఊరి నుంచో ఒకామెను జీతానికి తెచ్చి, అది కప్పి తన కొట్టు ముందు కూర్చోబెట్టాడు. గొంగళ్ళన్నీ ఒకటే రంగు. ముఖం లేని మనిషి ఎవరైనా కావచ్చునన్న సంగతి అన్నేళ్ళలో మా ముగ్గురికీ తట్టలేదు.

ఆ గొంగళమ్మ అతను ఏ వేలు పడితే ఆ వేలికి ఒప్పుకునేది. ధరలు పడిపోయాయి. ఆడవాళ్ళు మా అరుగు ముందే నిలబడి గొంగళమ్మ లంచం తిన్నదని దుమ్మెత్తిపోశారు.

"మనం ముఖం చూపించి, అది మేం కాదని చెబుదాం నాయనమ్మా" అన్నాను.

"చూపించు. ముందు పోయి మీ అత్తకు చూపించిరా."

తొడిమలు తీసే ఆమె చేట పక్కన పెట్టింది. "నేను పోయి దాని పక్కనే కూచుంటానమ్మా. రెండు చోట్లా అడిగితే ధర తేడా వాళ్ళకే తెలుస్తది. ముఖంతో పనేముంది?"

"వాడు గొంగళి లాగితే?"

"లాగడు. లాగితే ఆయన చెయ్యే మైలపడిందని ఊరంతా చూస్తది. యాపారస్తుడు గదా, నష్టం చూసుకోడా?"

లెక్క సరిగ్గానే ఉందనిపించింది. పప్పులో కాలేసింది అక్కడే. లోపల ఎవరున్నారో అతనికి తెలుసన్నట్టు మాట్లాడుకున్నాం. అతనికి తెలియదు. తెలియనివాడు నష్టం ఎందుకు చూసుకుంటాడు?

మరుసటి సంత పొద్దున రెండు గొంగళ్ళు పక్కపక్కన కూర్చున్నాయి.

"ఏందిరా ఇది, గొంగళి పిల్లను పెట్టిందా?" అని బండ్లవాళ్ళు నవ్వారు.

శావల్యాపురం నుంచి వచ్చిన ఒక విధవరాలు ముందు ఆ గొంగళి దగ్గర అడిగి, తరువాత మా గొంగళి దగ్గర కూర్చుంది. ఇంకొక సావుకారు చెయ్యి దూర్చాడు. ఆమె లేచినప్పుడు ముఖం వెలిగిపోతోంది. "ఇదే అసలు గొంగళమ్మ! ఇటు రండే!" అని కేకేసింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఇటు జరిగారు.

కాటా సావుకారు కొట్టు దిగి వచ్చాడు. "అసలేదో నకిలేదో ముఖాలు చూస్తే పోలా?" అన్నాడు. జీతపు మనిషి టక్కున గొంగళి తీసింది. తాంబూలం నములుతున్న బూరెబుగ్గల ముఖం. పోగొట్టుకోవడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

"నీది కూడా చూపించమ్మా, మాకు ధైర్యంగా ఉంటది" అన్నారు మా వైపు చేరిన ఆడవాళ్ళే.

మా గొంగళి లేచి నిలబడింది. వెనక్కి ఒక అడుగు వేసింది. కాటా సావుకారు అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

తొడిమలు తీసే చర్చి వాడ మనిషిని బజారంతా గుర్తుపట్టింది. ముందు నోరు తెరిచింది ఆ శావల్యాపురం ఆమె. "ఓరి నాయనో, ఇదా నా సరుకు పక్కన కూచుంది!" అని రెండు చేతులతో చెంపలు వేసుకుంది. వేసుకుని సావుకారు వైపు తిరిగి, "ధర మాత్రం ఖాయమే గదా?" అంది.

కాటా సావుకారు కుడిచెయ్యి తనది కానట్టు ఒంటికి దూరంగా పట్టుకున్నాడు. మిగతా సావుకార్లు ఎవరి అరచేతులు వాళ్ళు చూసుకున్నారు. ఎవరో బండి దగ్గర నుంచి చెర్నాకోల తెచ్చారు, ఎవరో ముల్లుగర్ర తెచ్చారు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. మా అరుగు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

నాయనమ్మ అరుగు దిగింది. కింద పడ్డ గొంగళి తీసి తన చేతి మీద వేసుకుని కాటా సావుకారు ముందుకు చాపింది.

"రా అబ్బాయ్, మాట్లాడుకుందాం."

"మాటలేంది పెద్దమ్మా? చంపి పాతెయ్యాల్సిందే దీన్ని."

"చంపు. ఎందుకు చంపావని అడిగితే ఏం చెబుతావు? ఏళ్ళ తరబడి దీని చెయ్యి పట్టుకున్నానని చెబుతావా? నువ్వొక్కడివేనంట్రా? ఈ బజార్లో కండువా వేసుకున్న ప్రతోడూ ఇంటికి పోయి పెళ్ళానికి ఇదే చెప్పాలి. గుండ్లు గీయించుకోవాలి. కుండలన్నీ వీధిలో పడతాయి."

కర్రలు పట్టుకున్నవాళ్ళు ఆగారు.

"ఇయ్యాళే మొదటిసారి కూచుందని అందాం. ఆ తప్పుకి దెబ్బలు పడతాయి. ఎన్నో చెప్పు, చెయ్యి ఇటియ్యి."

అతను గొంగళి కిందికి చెయ్యి దూర్చాడు. మరుక్షణం అతని ముఖం మారింది. నేను పక్కనే ఉన్నాను గనక వినపడింది. "ఈ చెయ్యి కూడా నాకు తెలుసు పెద్దమ్మా" అన్నాడు మెల్లగా, చాలా ఇష్టంగా.

"తెలిసిందిగా. దానికీ కలిపి ధర కట్టు."

కట్టాడు. ఇక మీదట తన మనిషే గొంగళమ్మ. మా గొంగళి కూడా అతనిదే. మా ఇంట్లో ఎవరూ ఈ సంగతి ఎత్తకూడదు. తొడిమలు తీసే ఆమె బజారులో అడుగు పెట్టకూడదు. ఇవన్నీ గుసగుసగా ఒక నిమిషంలో తేలిపోయాయి. ఆ తరువాత చాలా ఏళ్ళు ఆడవాళ్ళు ఆ గొంగళి దగ్గరే సరుకు అమ్మారు, అది ఎవరి మనిషో తెలిసీ అమ్మారు.

తేలనిది దెబ్బల లెక్క. అది వేళ్ళ మీదే నడిచింది. బజారంతా రెండు మోచేతులు చూస్తూ నిలబడింది. "జొన్నలు కొన్నా ఇంతసేపు పట్టదు" అని ఎవరో విసుక్కున్నారు. దెబ్బలు తినాల్సిన మనిషి కూడా ఆ మోచేతులనే చూస్తోంది, కళ్ళార్పకుండా. ఎన్నయితే చాలని ఆమె చెవి దగ్గర వంగి అడిగినవాళ్ళు లేరు.

గొంగళి తీసి నాయనమ్మ లెక్క పైకి చెప్పింది. కాటా సావుకారు ఆ గొంగళి తన మనిషికి కప్పించి, దెబ్బలు ఎంచమన్నాడు. గొంగళమ్మ గొంతు బజారు వినడం అదే మొదలు. తాంబూలం నములుతూ ఎంచింది. మధ్యలో ఒకసారి తప్పి మళ్ళీ వెనక్కి పోయింది, చెర్నాకోల కూడా ఆమెతో పాటు వెనక్కి పోయింది.

మధ్యాహ్నం మా పెరటి గోడ వారన ఖాళీ గోతాల మీద ఆమె బోర్లా పడుకుని ఉంది. ఆమె వాడ నుంచి మనుషులు మంచం తెస్తున్నారని కబురొచ్చింది. నేను పసుపూ నూనే ఆకులో పెట్టి దూరంగా ఉంచాను. నాయనమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడింది.

"అమ్మా" అంది ఆమె, గోతంలో ముఖం పెట్టుకునే. "ఆఖర్న ఆయన ఏ వేలు పట్టాడు?"

"ఉంగరం వేలు."

"పట్టి వదిలేశాడా, నొక్కి ఉంచాడా?"

నాయనమ్మ గుర్తు చేసుకుంది. "నొక్కే ఉంచాడు. చెయ్యి తడిసిపోయింది. వణికింది కూడా."

ఆమె తల ఇటు తిప్పింది. "వణికినాక ఎందుకు ఒప్పుకున్నావమ్మా? వణికాడంటే ఇంకా దిగే మనిషే గదా. నేనైతే సగానికి సగం తెగ్గొట్టేదాన్ని."

మా నాయనమ్మ బేరాన్ని ఒకరు తప్పుపట్టడం నేను చూసింది అప్పుడే. నాయనమ్మ చెంబు కింద పెట్టి, గోతాల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గొంగళీ కండువా ఏమీ లేని ఉత్త చెయ్యి ముందుకు చాపింది.

"చూపించు. ఎట్లా తెగ్గొట్టేదానివో చూపించు."

ఆమె ఆ చేతి వంక కాసేపు చూసి, తన చెయ్యి ఒంటి కిందికి లాక్కుంది.