రెండు వందల పద్నాలుగో సభ్యురాలు

కృపావతి గారు అమలాపురంలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో ముప్ఫై రెండేళ్లు అటెండరుగా పనిచేశారు. సీసాల్లో కప్పలకు ఫార్మలిన్ మార్చడం, మైక్రోస్కోపుల అద్దాలు తుడవడం, ప్రాక్టికల్స్ రోజున బొద్దింకలు తేవడం ఆవిడ పని. నెలలో మొదటి ఆదివారం అదే గదిలో కోనసీమ జీవశాస్త్ర సంఘం సమావేశమయ్యేది. ఆ రోజు కూడా ఆవిడే తాళం తీసి, కుర్చీలు వేసి, టీ పోసి, అందరూ వెళ్లాక గది ఊడ్చేవారు. అలా మూడు వందలకు పైగా సమావేశాలు చూశారు. ఒక్కదానికీ ఆవిడ సభ్యురాలు కాదు. చేరమని ఎవరూ అనలేదు, చేరకూడదనీ ఎవరూ అనలేదు.

ఆవిడ రిటైరైన వారానికే సంఘం కార్యదర్శి తన కూతురి దగ్గరికి విశాఖపట్నం వెళ్లిపోయారు. అధ్యక్షుడు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు బోటనీ లెక్చరరుగా ఎప్పుడో రిటైరైన పెద్దాయన. ఆయన ఫోన్ చేశారు.

"బీరువా తాళాలు మీ దగ్గరే ఉన్నాయిగా కృపావతి గారూ. సెక్రటరీగా మీరే ఉండిపోండి."

"నేను మెంబర్నే కాదండి మాస్టారూ."

"అయితే ముందు అవ్వండి."

ఆవిడ బీరువా తెరిచి, రిజిస్టరులో చివరి పేరు కింద రెండు వందల పద్నాలుగు అని అంకె వేసి, తన పేరు రాసుకున్నారు. సిరా ఆరేదాకా చూస్తూ కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం స్కూటీ మీద ఇంటికి బయలుదేరిన మనిషి తన వీధి మలుపు దాటేసి, ఎర్రవంతెన దాకా వెళ్లి, తనలో తానే నవ్వుకుంటూ వెనక్కి తిరిగారు.

మర్నాడు నియమావళి చదివితే ఆ నవ్వు కాస్త తగ్గింది. వార్షిక సమావేశానికి వరసగా మూడేళ్లు పాతికమంది రాకపోతే సంఘం రద్దయినట్టే. మొదటి ఏడాది తొమ్మిదిమంది వచ్చారు. రెండో ఏడాది ఆరుగురు. మూడోది వచ్చే అక్టోబరులో. అప్పటికి జూన్ నెల.

రిజిస్టరులో తనకు ముందున్న రెండు వందల పదమూడు మందీ ఏమయ్యారో తెలుసుకుందామని ఆవిడ స్కూటీ తీశారు. కొందరు కాలం చేశారు, కొందరు ఊళ్లు మారారు. మిగిలినవాళ్లలో అంబాజీపేట సాయిబాబు గారొకరు. కురిడీ కొబ్బరి వ్యాపారం ఆయనది. లారీకి బస్తాలు ఎక్కిస్తుంటే పక్కన నిలబడి ఉన్నారు.

"మన సంఘం ఎందుకు మానేశారండీ?" అని అడిగారు కృపావతి గారు.

"నేనెక్కడ మానేసేనండీ? అప్పట్లో ఒకసారి వచ్చేను. మాస్టారు ఉపన్యాసం చెప్తున్నారు. తూనీగ నీళ్లమీద తోక ఎందుకు కొట్టుకుంటాదండీ అని అడిగేను. ప్రశ్నలు చివర్లో అన్నారు. మూడు గంటలు కూర్చున్నానండి. ఆ చివర రాలేదు. ఇంటికొచ్చేసేను."

"అది గుడ్లు పెట్టడమండి. తోక నీళ్లకి తగిలినప్పుడల్లా గుడ్లు రాలతాయి."

సాయిబాబు గారు లారీని వదిలేసి ఆవిడవైపు తిరిగారు. "పద్దెనిమిదేళ్లయిందండి ఆ మాట అడిగి."

కృపావతి గారు సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీశారు. "మీ కొబ్బరితోటల్లో నీళ్లు పారే బోదెలున్నాయి కదండీ. వారానికోసారి ఎన్ని తూనీగలు కనపడితే అన్నీ ఈ పుస్తకంలో రాస్తారా?"

"రాస్తే ఎవరు చూస్తారండీ?"

"నేను చూస్తానండి."

"ఆయ్," అన్నారు సాయిబాబు గారు, చెయ్యి లుంగీకి తుడుచుకుని పుస్తకం అందుకుంటూ.

కృపావతి గారికి దారి దొరికింది. మనుషులకు కొదవ లేదు, వాళ్లను అడిగేవాళ్లే లేరు. వరసగా పది రోజులు ఆవిడ కనపడినవాళ్లనల్లా తూనీగలు లెక్కపెడతారా అని అడిగారు. ఆరాధన అయ్యాక చర్చి గుమ్మంలో అడిగారు. ముమ్మిడివరం రొయ్యల చెరువుల గట్టు మీద అడిగారు. ఒకరోజు స్కూటీ పాడై వెంకన్న అనే అతని ఆటో ఎక్కారు. అతను వెనక్కి చూడకుండానే మాట్లాడే రకం.

"మేడమ్, వానొచ్చే ముందు తూనీగలు కిందకి దిగిపోతాయెందుకండీ?"

"సరిగ్గా నాకూ తెలీదండి. మీరు రోజంతా రోడ్డు మీదే ఉంటారు కదా, చూసి చెప్పండి."

వెంకన్న ఆటో పక్కకు తీసి ఆపేశాడు. "నన్ను చెప్పమంటున్నారా అండీ?" అని రెండుసార్లు అడిగి, అక్కడే సభ్యుడయ్యాడు. ఆ తర్వాత తూనీగల గుంపు కనపడితే చాలు, ఆటో ఆపి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. లోపల కూర్చున్నవాళ్లు మొదట తిట్టేవారు. కొన్నాళ్లకు వాళ్లూ తలలు బయటపెట్టి అంకెలు చెప్పసాగారు.

జూలై మొదటి ఆదివారం ఉపన్యాసం తీసేసి, కాలవగట్టు మీద నడక పెట్టారు. ముప్ఫైనలుగురు వచ్చారు. కృపావతి గారికి కాళ్లు నేలమీద ఆనలేదు. ఆగస్టు నడకకు పదముగ్గురే వచ్చారు.

ఆవిడకు ఆ రోజు అన్నం సయించలేదు. ఎండ పడుతున్న ల్యాబ్ గదిలో బీరువా తలుపు తీసి చూశారు. సభ్యులు పంపిన పుస్తకాలన్నీ ఒకదాని మీద ఒకటి, తను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రాస్తే నేను చూస్తానన్న మనిషే వాటిని తీసుకుని తాళం వేసేసింది. ఆవిడ సిగ్గుపడ్డారు. పుస్తకాలన్నీ బల్లమీద పరిచి, ఫోన్ తీసి, సంఘం వాట్సాప్ గ్రూపులో గొంతు రికార్డు చేశారు.

"అంబాజీపేట సాయిబాబు గారు, పదకొండు. వెంకన్న గారు, ఎదురులంక వంతెన దగ్గర అరవై దాకా, లెక్క తప్పిందని రాసేరు, ఫర్వాలేదండి. రాజోలు నాగసతీష్ గారు, రెండు, అందులో ఒకటి ఎర్రది..."

పదకొండు నిమిషాలు చదివారు. సాయంత్రానికి గ్రూపంతా గోల. సాయిబాబు గారి భార్య ఆ రికార్డును చుట్టాలందరికీ పంపింది. ఒకాయన తన అంకె తప్పు చదివారని గొడవ పెట్టుకున్నాడు. ఆ గొడవకు కృపావతి గారు పొంగిపోయారు. ప్రతి శనివారం చదవడం, రానివాళ్లకు ఫోన్ చేయడం ఆవిడకు అలవాటైంది. ఎందుకు రాలేదని అడిగేవారు కాదు. మీ చెరువు దగ్గర ఏమైందండీ అని అడిగేవారు.

ఇంతలో సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ముభావంగా ఉండసాగారు. సెప్టెంబరు నడక ఆలమూరు దగ్గర. దారిలో ఆయన బయటపడ్డారు.

"ఉపన్యాసం వద్దన్నారు. బాగానే ఉంది. మరి నేనేం చెయ్యాలండీ?"

కృపావతి గారు చేతిలో ఉన్న వల ఆయనకిచ్చారు. "పట్టండి మాస్టారూ."

డెబ్బై ఆరేళ్ల మాస్టారు ఇస్త్రీ పంచె ఎగ్గట్టి ఒక నీలం తూనీగ వెంట పడ్డారు. అది కూర్చున్నట్టే కూర్చుని లేచిపోతోంది. ఆయన గట్టు చివరిదాకా వెళ్లి వల విసిరి, దాని వెనకే కాలవలోకి జారారు. నీళ్లు నడుందాకానే ఉన్నాయి. వెంకన్న దూకబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపారు. వల పైకెత్తి పట్టుకున్నారు. లోపల తూనీగ కొట్టుకుంటోంది.

"దొరికింది," అన్నారు. ఆ ముఖంలో అంత సంతోషం ఆయన శిష్యులెవరూ చూసి ఉండరు. "కృపావతి గారూ, దీన్నేమంటారు?"

ఆవిడ రెక్క చూసి, కన్ను చూసి, పేరు చెప్పారు. మగదని చెప్పారు. ఆడది పసుపుగా ఉంటుందనీ, పిల్లలు నీళ్లలో ఉండి దోమపిల్లల్ని తింటాయనీ చెప్పారు. అందరూ గట్టు మీద చుట్టూ కూర్చుని విన్నారు. మాస్టారు నీళ్లలోనే నిలబడి విన్నారు. పైకొచ్చాక, "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడిగారు.

"సీసాల మీద చీటీలు ముప్ఫై రెండేళ్లు నేనే రాసేనండి."

ఆయన పంచె పిండుకుంటూ గట్టు మీద కూర్చున్నారు. మర్నాడు ఫోన్ చేసి, వచ్చే నడకకు రెండో వల తన డబ్బుతో కొంటానన్నారు.

ఆ వారంలోనే నాగసతీష్ వచ్చాడు. రాజోలులో వెల్డింగ్ పని చేసే కుర్రాడు, మస్కట్ వెళ్తున్నాడు.

"నా పేరు కొట్టెయ్యండి మేడమ్. రెండేళ్లదాకా రాను."

"ఎందుకు కొట్టెయ్యడం? అక్కడ తూనీగలుండవా?"

"ఎడారండి అది."

"మీరు చూసేరేంటి? వెళ్లి చూసి చెప్పండి."

పన్నెండు రోజులకు ఫోటో వచ్చింది. వెల్డింగ్ చేస్తున్న ఇనప కమ్మీ మీద పసుపు తూనీగ. కింద రాశాడు: "ఒకటి. మన ఊరిదేనా మేడమ్?" ఆ జాతి సముద్రాలు దాటి వలస పోతుందని ఆవిడకు తెలుసు. మన ఊరిదో కాదో చెప్పలేనని నిజమే రాశారు. శనివారం మాత్రం "మస్కట్ నుంచి నాగసతీష్ గారు, ఒకటి" అని రెండుసార్లు చదివారు.

అక్టోబరు మొదటి ఆదివారం, వార్షిక సమావేశం రోజున పొద్దున్నే వాన. తొమ్మిదిన్నరకు గదిలో ఎనిమిదిమంది. కృపావతి గారు కిటికీ దగ్గరికి ఏడుసార్లు వెళ్లారు. పది గంటలకు కాలేజీ గేట్లోకి కొబ్బరిలారీ వచ్చింది. వెనక టార్పాలిన్ కింది నుంచి సాయిబాబు గారు, ఆయన భార్య, బావమరదులు, మొత్తం పద్దెనిమిదిమంది దిగారు. అందరూ సభ్యులే. వెంకన్న ఆటోలో ఏడుగురొచ్చారు. ముమ్మిడివరం బస్సు దిగినవాళ్లు గొడుగులు దులుపుకుంటూ వచ్చారు. కుర్చీలు చాలక జనం ల్యాబ్ బల్లల మీద, సీసాల మధ్య కూర్చున్నారు. లెక్క తేల్చితే యాభై ఎనిమిది.

మాస్టారు తీర్మానం చదవడానికి కళ్లజోడు పెట్టుకున్నారు. వాన ఆగింది. ఎండ పడింది. కిటికీ దగ్గర కూర్చున్న వెంకన్న మెల్లగా అన్నాడు: "మాస్టారూ, ఒకసారి బయటికి చూడండి."

కాలేజీ మైదానం మీద వేల తూనీగలు. తడిగడ్డి మీద మోకాలెత్తున, తలెత్తున, ఎండలో మెరుస్తూ, అంతా పసుపే. ఎవరు ముందు లేచారో తెలియదు గానీ అర నిమిషంలో గది ఖాళీ అయింది. సాయిబాబు గారి భార్య చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తింది. మాస్టారు కాగితం పట్టుకుని కృపావతి గారి వైపు చూశారు.

"తీర్మానం చేసేటప్పుడు పాతికమంది సభలో ఉండాలని రూలుందండీ."

"సభని అక్కడికి మార్చొద్దని ఏమీ లేదు కదండీ మాస్టారూ."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి మైదానంలోకి నడిచారు. తూనీగల మధ్య నిలబడి, సంఘం కొనసాగాలని గట్టిగా చదివారు. లెక్కపెడుతున్న జనం అంకె మర్చిపోకుండా వేళ్లు మడిచి ఉంచుకుని, రెండో చెయ్యి ఎత్తారు.

మర్నాడు పొద్దున ఆరింటికి మొదలై ఫోన్ ఆగలేదు. ఒకరు మూడు వేలన్నారు, ఒకరు పదివేలన్నారు. తొమ్మిదో ఫోన్ ఎవరో కొత్త మనిషిది, కొత్తపేట నుంచి.

"మీ సంఘంలో చేరాలంటే తూనీగలే చూడాలాండీ? మా పెరట్లో కప్పలున్నాయి."

"ఎన్నున్నాయండీ?" అని అడుగుతూ కృపావతి గారు రిజిస్టరు తెరిచారు.