దర్గా కొండకు ఎత్తే తెడ్డు

ఈ ప్రయాణానికి కారణం భక్తి కాదు, ప్రకృతి మీద ప్రేమ అంతకన్నా కాదు. ఒక మనిషి మీద కోపం. ఇరవై ఏళ్ల కిందట మా పఠన మందిరంలో విశాఖ మూడు కొండల గురించి నేను రాసిన ఒక వ్యాసం చదివి వినిపించాను. రేవు కాలువ ఒడ్డున వరసగా నిలబడ్డ ఆ కొండల్లో ఒకదాని మీద వెంకటేశ్వరుడు, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి ఉన్నాయి. సముద్రంలోకి వెళ్లే పడవవాళ్లు దర్గా కొండ కిందికి రాగానే తెడ్డు పైకెత్తి సలాం చేస్తారని అందులో రాశాను. కళాశాలలో చరిత్ర చెప్పే పెద్దమనిషి ఒకాయన లేచి, "పడవెక్కనివాడు పడవల గురించి రాస్తే ఇలాగే ఉంటుంది" అన్నాడు. సభంతా నవ్వింది. ఇప్పుడాయన యాత్రికుల కోసం ఒక పుస్తకం అచ్చువేయిస్తున్నాడు. తెడ్డు సలాం "గ్రంథాలయంలో పుట్టిన కట్టుకథ" అని అందులో ఒక వాక్యం ఉందనీ, ఆ పేజీలు సోమవారం అచ్చుకెళ్తాయనీ ప్రెస్సులో పనిచేసే మిత్రుడు చెప్పాడు. పాతూళ్లో గ్రంథాలయం పేరు చెబితే ముప్పయ్యేళ్లు అందులో పనిచేసిన నన్నే అనుకుంటారు. ఆ సలాం కళ్లారా చూసి ఆ వాక్యం కొట్టించాలని శనివారం పొద్దున్నే బయలుదేరాను.

మీరు స్టేషన్లో దిగితే పాత పోస్టాఫీసు బస్సెక్కండి, అర్ధరూపాయి. అక్కణ్ణుంచి మూడు కొండలూ కాలినడకే. ఆరున్నరకు వెంకటేశ్వరుడి గుడి మెట్లెక్కాను. ఎండ రాకముందు పైనుంచి చూస్తే ఎడమన సముద్రం, కుడిన రేవు, దూరంగా పడమట ఉక్కు కర్మాగారం కడుతున్న చోట ఎర్రదుమ్ము. దిగి దర్గా కొండెక్కేసరికి ఏడున్నర. ఇక్కడ శుక్రవారం జనం ఎక్కువ కాబట్టి శనివారం మేలు. మెట్ల పక్కన గులాబీలూ అగరొత్తులూ అమ్మే ఖాదర్ మియా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సలాం సంగతి అడిగాను.

"నేను కొండ మీద కూర్చునేవాణ్ణి సాబ్. ఇక్కణ్ణుంచి చూస్తే తెడ్లు అగ్గిపుల్లల్లా ఉంటాయి. ఎత్తారో దించారో ఈ ముసలికళ్లకేం తెలుస్తుంది? మీరే ఓసారి పడవెక్కితే పోలా?"

ఇరవై ఏళ్లనాటి మాటే. ఖాదర్ మియా నవ్వుతూ అన్నాడు, అంతే తేడా. ఒక నిజం ఇక్కడే చెప్పేస్తాను. నాకు నీళ్లంటే భయం. ఈ కాలువ ఒడ్డున పుట్టి, అరవై ఎనిమిదేళ్లలో ఒక్కసారీ అవతలి ఒడ్డుకు వెళ్లలేదు. చర్చి కొండ మీద చల్లటి వరండాలో అరగంట కూర్చున్నది ప్రార్థనకు కాదు, ధైర్యం కోసం.

తొమ్మిదికి రేవులో అప్పన్న పడవెక్కాను. మనిషికి పావలా. కొండ అవతల సముద్రపు ఒడ్డునున్న యారాడ ఊరికి వెళ్లేవాళ్లు ఇలా కాలువ దాటి కొండెక్కి దిగుతారు.

"ఏటి బాబూ, పడవనలా పట్టేసుకున్నారు? అది మిమ్మల్నొగ్గేసి ఎక్కడికీ పోదు" అన్నాడు అప్పన్న.

నా కళ్లు అతని తెడ్డు మీదే ఉన్నాయి. పడవ దర్గా కొండ కిందుగా వచ్చింది. తెడ్డు నీళ్లలోంచి లేవలేదు. పడవ ముందుకెళ్లిపోయింది. ఉండబట్టలేక, "సలాం చెయ్యవా?" అన్నాను.

"ఇప్పుడు సలామేటండీ! ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకెల్తన్నాం. రోడ్డు దాటినోడు సలాం కొడతాడేటి?"

పడవంతా నవ్వింది. నా జీవితంలో ఈ వ్యాసానికి ఇది రెండో నవ్వు. ఖాళీ గంప ఒళ్లో పెట్టుకున్న యారాడ మనిషి నూకాలమ్మ మాత్రం నవ్వలేదు.

"ఊరుకో అప్పన్నా, పెద్దాయన్నేటి ఏడిపిత్తావ్? సూడండి బాబూ, సముద్రంలోకి పోయినప్పుడు ఎత్తరు. పోయినప్పుడెత్తితే అది బేరం. తిరిగొచ్చినప్పుడెత్తుతారు. పానం దక్కినాక ఎత్తితేనే మొక్కు. మా మరిది మజ్జానం యారాడ నుంచి ఇక్కడికే సేపలట్టుకొత్తన్నాడు. ఆ పడవలో కూకుంటారా?"

అంటే నా వ్యాసం సగం తప్పు. ఆ చరిత్రకారుడి వాక్యం మొత్తం తప్పు. సగంతో ఆయన గుమ్మం ఎక్కడం నాకిష్టం లేదు. కూర్చుంటానన్నాను.

అవతలి ఒడ్డు నుంచి కొండ మీదుగా లైట్‌హౌస్ దగ్గరికి గంటన్నర, అక్కణ్ణుంచి యారాడకు మరో గంట. నీడ తక్కువ, నీళ్లు పట్టుకెళ్లండి. దిగుతుంటే కొబ్బరితోటలు, వాటి వెనక పసుపుపచ్చటి ఇసుక. ఇంత అందమైన తీరాన్ని నేను చూడలేదు. చూడటానికే గాని స్నానానికి దిగకండి, అల కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. నూకాలమ్మ తన ఇంట్లో చోడి అంబలి, అదే రాగి జావ, వేయించిన చేపముక్క పెట్టింది. డబ్బులివ్వబోతే, "ముందు ఒడ్డుకి సేరండి" అంది.

రెండున్నరకు ఆమె మరిది ఎర్రయ్య, అతని బావ రాములు నన్ను చంకల కింద చేతులేసి, చేపల గంపలాగే ఎత్తి పడవలో పెట్టారు. మొదటి అలకు పడవ నిలువునా లేచింది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన పొడవాటి కొండముక్కు చుట్టూ తిరిగి రావాలి. పైన నల్లటి రాతిగోడ, కింద నురగ. నేను చదివిన పుస్తకాల్లో సముద్రానికి వందల పోలికలున్నాయి. ఒక్కటీ గుర్తురాలేదు. వాంతి మాత్రం వచ్చింది.

"బావా, బాబుగారు కళ్లు మూసేసుకున్నారు. సూడ్డానికి కదా ఒచ్చినారు!" అన్నాడు ఎర్రయ్య.

"మూసుకోనీ. తెరిస్తే దూకేత్తారేటో" అన్నాడు రాములు.

ఎంతసేపైందో తెలియదు. ఉన్నట్టుండి ఊపు ఆగింది. కళ్లు తెరిస్తే సముద్రం కలిసే మొగ దాటి కాలువలోకి వచ్చేశాం. పొద్దున నేను ఎక్కి దిగిన మూడు కొండలూ కుడివైపున ఉన్నాయి. దర్గా కిందికి రాగానే ఇద్దరూ మాటలాపారు. తెడ్లు నిలువుగా లేచాయి. వాటి కొసల నుంచి నీళ్లు నా నెత్తి మీద పడ్డాయి. ఆ క్షణం కోసమే జేబులో కాగితం, కలం పెట్టుకొచ్చాను. చెయ్యి జేబులోకి వెళ్లలేదు, పైకి లేచింది. నేను లేపలేదు.

ఆదివారం పొద్దున ఆ పెద్దమనిషి ఇంటికెళ్లాను. కూర్చోమనలేదు, నేనూ కూర్చోలేదు.

"నా వ్యాసంలో తప్పుంది. తెడ్డెత్తేది వెళ్లేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు" అన్నాను.

"ఈసారి ఏ పుస్తకంలో చదివావు?"

"చదవలేదు. నేనూ చెయ్యెత్తి వచ్చాను. మీరెప్పుడైనా పడవెక్కారా?"

ఆయన వీధిలోకి చూశాడు. ఆ వాక్యం కొట్టేశాడో లేదో పుస్తకం వచ్చాక మీరే చూసుకోండి, నేను కొనను. ఒక్క విషయం మాత్రం ఒప్పుకుంటాను. ఇరవై ఏళ్ల కిందట ఆయన నన్నన్న మాట నిజమే. అది నిజం కాబట్టే ఇన్నాళ్లు మండింది. మూడు కొండలూ ఎక్కి దండాలు పెట్టేవాళ్లకి దేవుడు దొరుకుతాడేమో నాకు తెలియదు. కింద నీళ్ల మీద నుంచి ప్రాణంతో తిరిగివచ్చినవాడు తలెత్తి చూస్తే మాత్రం ఆ కొండలు వేరుగా కనిపిస్తాయి.

వెళ్లేవాళ్లకు చివరిమాట. యారాడ నుంచి తిరిగివచ్చేటప్పుడు పడవలో కుడివైపు కూర్చోండి, దర్గా కొండ అటే వస్తుంది. కాగితం, కలం సంచిలో పెట్టేయండి. చేతులు ఖాళీగా ఉంచుకోండి.