నీళ్ళు ముట్టని నా మనవడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీకు వందనాలు. నేను కొద్దిగానే చదువుకున్నదాన్ని, తప్పులుంటే మన్నించి చదవండి. ఆ ఉదయం మా వంటింట్లో నా మనవడు ప్రదీపు కాళ్ళు కొయ్యబారి, వేళ్ళు మెలితిరిగి నేలమీద పడి ఉన్న తీరు ఇవాళ్టికీ నా కళ్ళముందే ఉంది.

మేము కిరందుల్‌లో ఉంటాము, నా కొడుకు ఇనుప గనిలో పని చేస్తాడు. వాడి కొడుకే ప్రదీపు. బక్కోడని తోటివాళ్ళు నవ్వితే జిమ్‌లో చేరాడు, మొదట ఉత్త రాడ్డు ఎత్తడానికే వణికేవాడు, పోను పోను ఒళ్ళు రాయిలా తేరి జగదల్‌పూర్‌లో కండల పోటీ గెలిచాడు. నూనె పూసుకుని, చిన్న చెడ్డీతో జనం ముందు నిలబడటమేమిటని నేను తిట్టాను, తిడుతూనే గుడ్లు ఉడకబెట్టాను, వాడు తెల్లసొన తిని లేస్తే పచ్చసొన పారేయడానికి మనసొప్పక రోజూ పులుసు పెట్టి నా కొడుక్కీ కోడలికీ అదే వడ్డించాను.

తరువాత రాయపూర్‌లో పెద్ద పోటీ వచ్చింది. అందులో గెలిస్తే ప్రొఫెషనల్ కార్డు ఇస్తారు, అది ఉంటేనే పెద్ద పెద్ద పోటీల్లోకి రానిస్తారు. సరిగ్గా అప్పుడే మా సంఘంలో ఉపవాస ప్రార్థనలు మొదలయ్యాయి. వాడు ముందు ఉప్పు మానేశాడు, తరువాత నీళ్ళు కూడా ముట్టలేదు. మా సంఘంలో చాలామంది నీళ్ళు ముట్టకుండానే ఉపవాసం ఉంటారు కాబట్టి నా మనవడు దేవునికి దగ్గరయ్యాడని మురిసిపోయి ఆ మాట ప్రార్థన కూటంలో లేచి చెప్పాను. పాస్టరుగారు వాడి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించారు, వాడు తల వంచుకుని ఊరుకున్నాడు. పెదాలు పగిలినా, కళ్ళు లోతుకు పోయినా నేను భక్తే అనుకున్నాను.

మరునాడే వాడు వంటింట్లో పడిపోయాడు. "ఏందిరా, ఏమైందిరా?" అని తల ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఉపవాసం కాదే నాయనమ్మా," అన్నాడు, నాలుక తిరగడం లేదు. "కోచ్ పానీ బంద్ చెయ్యమన్నడు. తోలు పల్చబడి కండ కనబడాలంట. ఒంట్లో నీళ్ళు పోయే గోలీలు గూడ ఇచ్చిండు."

పక్కింటివాళ్ళ బండిలో ఆసుపత్రికి చేర్చాము. ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గిపోయి గుండె కొట్టుకోవడమే గాడి తప్పిందని, ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. తెరమీద గీత ఎగురుతూ ఎగురుతూ ఒక్కోసారి ఆగేది. గోడకు ఆనుకుని, "ప్రభువా, నాకు వీడి కండలు వద్దు, కప్పులు వద్దు. ఎడారిలో దాహంతో ఏడ్చిన పిల్లవాడికి ఊట చూపించిన దేవుడవు, నా బిడ్డ ఎండిపోతున్నాడు, వీణ్ణి చూడు తండ్రీ" అని ప్రార్థించాను. సాయంత్రానికి గీత నిలకడగా నడిచింది, వాడు కళ్ళు తెరిచి నీళ్ళు అడిగాడు. దేవునికే మహిమ.

పోటీ పోయింది. లేచి తిరగగానే ప్రదీపు సంఘం ముందు నిలబడి అది ఉపవాసం కాదని తానే ఒప్పుకున్నాడు, ఆ కోచ్‌ను వదిలేసి మళ్ళీ మొదలుపెట్టాడు. నేను వద్దని ఏడ్చాను, వాడు వినలేదు, సరే పోటీకి నేనూ వస్తానన్నాను. స్టేజీ వెనుక మిగతా కుర్రాళ్ళు నోరెండి పడుకుని ఉంటే నేను స్టీలు చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డాను. పాత కోచ్ చూసి నవ్వాడు: "దాదీ, పానీ తాగితే కండ దాగిపోద్ది."

"దాగితే దాగనీ. పిల్లగాడు కనబడితే నాకు సాలు," అన్నాను.

ఆసారి కార్డు రాలేదు. మరుసటి పోటీకి వెళ్ళాడు, నీళ్ళు తాగే వెళ్ళాడు, ప్రభువు కృపవల్ల అప్పుడు వచ్చింది. ఇవాళ నా మనవడు ప్రొఫెషనల్.

ప్రియులారా, నా భయం పూర్తిగా పోలేదు, వాడు స్టేజీ ఎక్కేముందు చెంబు ఖాళీ అయ్యేదాకా పక్కనుంచి కదలను. మీ ఇంట్లో ఎవరైనా అలా వాడిపోతుంటే పైపైన చూసి మురిసిపోకండి, దగ్గర కూర్చుని అడగండి, భయంతోనైనా ఆయన పాదాల దగ్గరికి రండి, నా మొర విన్నవాడు మీదీ వింటాడు. వచ్చే పోటీకి చెంబు తోమి పెట్టాను.