డాక్టరమ్మ తెల్లగౌను

చెల్లెలి గృహప్రవేశానికి కాకినాడ నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాను. పక్క సీట్లో నుదుట రూపాయి బిళ్లంత బొట్టుతో ఒక పెద్దావిడ. ఒళ్లో వెలిసిపోయిన తెల్లబట్ట మడత ఒకటి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"ఎల్బీనగర్ దవాఖానల మనవరాలికి ఆపరేషన్ చేస్తున్నరమ్మా. బిడ్డ అడ్డం తిరిగిందంట. పుట్టంగనే ముందుగాల దీంట్లనే సుట్టాలె," అంది.

మా వైపూ పసిబిడ్డకు ముందు పాతబట్టే చుడతాం, నిండుగా బతికిన పెద్దవాళ్లది.

"మీ అమ్మగారిదా?" అన్నాను.

"కాదు, డాక్టరమ్మది. ఏసు మాట చెప్పనీకి సముద్రం దాటొచ్చినామె. అప్పట్ల మా నల్గొండ దిక్కు ఆడ డాక్టరే లేకుండె. ఎప్పుడు పిలిచినా ఎడ్లబండి ఎక్కి ఒస్తుండెనంట. నేను గూడ గిట్లనే అడ్డం తిరిగితే, అమ్మను, నన్ను ఇద్దర్నీ బతికిచ్చింది. వాళ్ల దేశం పోయేటప్పుడు మా అమ్మ గీ గౌను అడిగి తీసుకున్నది."

నాకు వింతగా అనిపించింది. మా ఇళ్లలో అది అమ్మమ్మదో నాయనమ్మదో అయి తీరాలి.

"ఆవిడకు పిల్లలున్నారా?"

"పెండ్లే చేసుకోలే."

ఇంతలో ఫోన్ మోగింది. వింటూనే ఆవిడ గౌనులో ముఖం దాచుకుంది. కాసేపటికి తలెత్తి, "ఆడపిల్ల. ఇద్దరూ మంచిగున్నరు," అంది.

ఎల్బీనగర్ వచ్చింది. ఆవిడ గౌను మడత సరిచేసి, చంటిదాన్ని ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుంది. నాతో కాదు, దానితో అంది:

"నడువమ్మా, పిలుపొచ్చింది."