రన్‌లో ఓడిన రామమోహనరావు గారు

ఇంగ్లండులోని స్లౌ ఊళ్ళో, రామమోహనరావు గారి కంటబడ్డ ఏ మనిషీ 'రన్' అనే ఇంగ్లీషు మాటకున్న అర్థాలన్నీ వినకుండా మెట్లు దిగింది లేదు. పాలకు బయల్దేరినవాళ్ళు పాలులేని కాఫీకి అలవాటుపడ్డారు.

"క్రికెట్‌లో తీసేది రన్. జలుబులో ముక్కు చేసేదీ రన్నే. కొట్టు నడిపితే రన్, కోళ్ళు తిరిగే దొడ్డి కూడా రన్. వీటికేమైనా చుట్టరికం ఉందా అమ్మాయ్?" అని పక్క ఫ్లాటు పుష్పలీలను నిలదీసేవారు. ఆమె తలూపేది. ఇంగ్లీషు చదవగలదు గానీ నోరు పెగలదు. జీపీ డాక్టరు దగ్గర ఆమె కడుపునొప్పి గురించి కూడా భర్త అచ్యుతే చెప్పేవాడు, అదీ తప్పుచోట చూపిస్తూ. అలాంటిది, ఆమెకు బడి వంటగదిలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. అక్కడికి అచ్యుత్‌ను రానివ్వరు.

ఓ పొద్దున రావుగారు రన్ పూర్తయిందని, ఇక ఒక్క అర్థమూ మిగల్లేదని ప్రకటించారు. రాత్రంతా కారిన తన కుళాయి పుష్పలీలకు గుర్తొచ్చింది.

"ట్యాప్ రన్స్, అంకుల్."

ఆయన గుండె పట్టుకుని మెట్టుమీద కూలబడ్డారు. ముక్కు చెప్పాను కదా, ఇదీ అదే అని బుకాయించి, కాదంటే ఇంగ్లీషులో వాదించమన్నారు. ముక్కుకు తిప్పడానికి మర ఉండదని ఆమె ఇంగ్లీషులోనే వాదించింది. మర్నాడు బస్సులతో ఓడించింది, ఆపైన ఉతికితే రంగు దిగే చీరతో. ఓడినవాడు హుందాగా ఉండాలన్న నీతి ఆయనకు పట్టలేదు. ఇంగ్లీషు భాష మీద కేసు వేస్తానని మెట్లన్నీ మారుమోగేలా గోలపెట్టేవారు.

ఇంటర్వ్యూలో బల్ల అవతల ముగ్గురు కూర్చున్నారు. ముగ్గురినీ రావుగార్లే అనుకుని పుష్పలీల దంచేసింది. మధ్యలో ఒకావిడ థ్యాంక్యూ అన్నా ఆగలేదు. ఉద్యోగం వచ్చింది.

లడ్డూలు పట్టుకెళితే రావుగారి భార్య నాగేశ్వరి తలుపు తీసింది. అంకుల్‌ను అన్నిసార్లు ఓడించినందుకు ఏమీ అనుకోవద్దంది పుష్పలీల.

"నువ్వు ఓడించడమేమిటే పిచ్చిదానా. ఆ మాటకున్న అర్థాలన్నీ ఆయనకు కంఠతా. ఇవాళ ఏది మర్చిపోనూ అని నన్నడిగి మరీ బయల్దేరేవారు. కుళాయి నా సలహాయే. మీ కుళాయి చప్పుడుకు ఆ రాత్రి నాకు నిద్రలేదు."

మెట్లమీద అప్పటికే కొత్త సభ నడుస్తోంది. 'సెట్' పూర్తయింది, సూర్యుడు, టెన్నిస్, టీవీ, గాజులు, ఇక ఏమీ లేవని రావుగారు ఢంకా బజాయిస్తున్నారు. పై ఫ్లాటుకు కొత్తగా వచ్చిన అలివేలుమంగ, నోట్లో మాట నోట్లోనే పెట్టుకుని తలూపుతోంది. ఆమె చేతిలో పెరుగు గిన్నె ఉంది.

పెరుగు తోడుకోవడమూ సెట్టేనని పుష్పలీలకు తెలుసు. నాలుక దురద పెట్టింది. అంతలో అలివేలుమంగ చూపు మెల్లగా గిన్నె మీదకు దిగింది.

పుష్పలీల ఒక లడ్డూ మొత్తం నోట్లో కుక్కుకుంది.